ఒక డ్రమ్ముకి నలుగురు పిల్లలు

వన్నారి బోర్డు మీద లెక్క రాసి వెనక్కి తిరిగేసరికి బల్ల మీది సుద్దముక్క దొర్లుకుంటూ వెళ్లి కిందపడింది. వంగి తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ దొర్లింది. ఐదో తరగతి పిల్లలు ముప్పై ఒక్కమందీ ఆ సుద్దముక్కనే చూస్తున్నారు తప్ప బోర్డు వంక చూసే నాథుడు లేడు.

బోర్డు మీది లెక్క ఇది: ఒక రైతుకి పదిహేను మడులున్నాయి, అందులో మూడింట రెండు వంతులు దున్నాడు, ఎన్ని మడులు దున్నినట్టు? పుస్తకంలో ఎలా ఉందో అలాగే దించింది. ప్రేక్ త్రావ్‌లో మడి అన్నది ఎవరికీ లేదు. ఊరంతా తొన్లే సాప్ సరస్సు మీదే తేలుతుంది. ఇళ్లు, కొట్లు, పందుల దొడ్లు, మూడు గదుల బడి, అన్నీ నీళ్ల మీదే. బడికి రావాలంటే పిల్లలు పడవ కట్టు విప్పుకుని రావలసిందే.

జవాబు ఎవరు చెప్తారని వన్నారి అడిగింది. చివరికి పిసేత్ లేచాడు. తరగతిలో అందరికన్నా బొద్దుగా ఉండేవాడు వాడే, ఆ సంగతి వాడికి గర్వం కూడాను. దున్నడమంటే నేలని గీరడమే కదా, అంత పని పెట్టుకున్నవాడు పూర్తిచెయ్యకుండా మధ్యలో ఎందుకు ఆపేశాడని అడిగాడు. పిల్లలంతా గొల్లుమన్నారు. వన్నారికి మాత్రం నవ్వు రాలేదు. పది అన్న జవాబు ఆమెకి తెలుసు. టీచర్ల పుస్తకం వెనక అచ్చువేసి ఉంది కనక తెలుసు.

ఆమెది బత్తంబాంగ్ దగ్గర వరిపొలాల మధ్య పల్లె. చిన్నప్పుడు లెక్కల పీరియడు అంటే వెనక బెంచీలో దాక్కునేది. ఎక్కాలు పాటలా వచ్చేవి, వాటితో ఏం చెయ్యాలో మాత్రం తెలిసేది కాదు. ఎలాగో బట్టీ పట్టి గట్టెక్కి టీచరయింది. ప్రేక్ త్రావ్‌కి వచ్చి ఇది మూడో ఏడు. తనకి నేర్పినట్టే తనూ నేర్పింది, పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించింది. కిందటేడు లెక్కల పరీక్షలో నలుగురు పాసయ్యారు.

పిల్లలు మొద్దులు అనుకుందామంటే మనసొప్పేది కాదు. కిటికీ పక్కన కూర్చునే మాలిస్‌నే చూడండి. పదకొండేళ్ల పిల్ల. పరీక్ష కాగితం మీద పేరు ముత్యాల్లా రాసి మిగతాదంతా తెల్లగా వదిలేసి ఇచ్చేది. అదే పిల్ల సాయంత్రం తమ్ముణ్ణీ, బియ్యం బస్తానీ, రెండు నీళ్ల జాడీలనీ చిన్న పడవలో ఎక్కించుకుని, ఏది ముందుండాలో ఏది వెనకుండాలో ఒక్క క్షణంలో సర్దేసి, చుక్క నీరు లోపలికి రాకుండా ఇంటికి చేరేది. వన్నారికి ఈత సరిగా రాదు. మాలిస్ పడవ ఎక్కిన రోజున ఆమె హాయిగా ఊపిరి పీల్చుకునేది.

సుద్దముక్క దొర్లడానికి కారణం గది ఒరిగిపోవడం. బడిలో మూడు గదులూ మూడు తెప్పల మీద ఉండేవి. ఐదో తరగతి గది కింద కట్టిన వెదురు మోపులు ఏడేళ్లు నానీ నానీ కుళ్లిపోయాయి. ఉత్తరపు మూల జానెడు దిగిపోయింది. అక్కడి బల్లచెక్కల సందుల్లోంచి నీళ్లు పైకి చిమ్ముతుంటే ఆ మూల నేల సగం ఊడదీసి పెట్టారు, ఆ వరస పిల్లలు కాళ్లు బెంచీ మీద పెట్టుకుని కూర్చునేవారు.

ఎలాగో నెట్టుకొద్దామంటే కుదిరేది కాదు. నీళ్లు తగ్గేకాలం రాగానే ఊరు ఊరంతా తాళ్లు విప్పుకుని లోతైన చోటికి పోతుంది, మోటారు పడవలతో ఇళ్లని లాక్కుపోతారు. ఆ లాగుడికి ఈ గది తట్టుకోదని అందరికీ తెలుసు. అప్పటికి బాగుపడకపోతే గదిని విప్పేసి చెక్క ఎవరికి కావాలంటే వాళ్లకి ఇచ్చేస్తామని, ఐదో తరగతి పిల్లలు ఒడ్డున ఉన్న బడికి పోవాలని హెడ్మాస్టరు బునారిత్ చెప్పాడు. ఒడ్డు బడి పడవలో రెండు గంటల దారి. ఎవరూ పోరని ఆయనకీ తెలుసు.

జిల్లా ఆఫీసుకి ఆయన ఉత్తరం రాశాడు. జవాబు వచ్చింది. ప్లాస్టిక్ డ్రమ్ములు ఇస్తామన్నారు. అయితే ఎన్ని కావాలో, ఆ సంఖ్య ఎలా తేల్చారో రాసి పంపాలి. డ్రమ్ములు ఒక్కసారే వస్తాయి, మళ్లీ అడగడానికి లేదు.

బునారిత్ సరూన్ తాతని పిలిపించాడు. సరూన్ మాలిస్‌కి సొంత తాత. ఊళ్లో సగం ఇళ్లు ఆయన చేతిమీదుగా తేలినవే. ఆయన గదిలోకి వచ్చి, చెప్పుల్లేని కాళ్లతో నాలుగు మూలలా నిలబడి చూశాడు. స్తంభం మీద అరచేత్తో తట్టాడు. ముప్పై ఆరు పట్టొచ్చు, నలభై దాటొచ్చు, గది కిందికి ఒక్కొక్కటే తోస్తూ పోతే ఎక్కడ ఆపాలో తనకే తెలుస్తుందన్నాడు. తక్కువైతే మునుగుతుంది. ఎక్కువైతే గది నీళ్ల మీద మరీ ఎత్తుగా నిలిచి గాలికి బోర్లాపడుతుంది. అందుకని అందాజాగా ఎక్కువ రాసెయ్యడానికీ లేదు.

"ఎలా తెలుస్తుంది తాతా?" అని వన్నారి అడిగింది.

"కాళ్లు చెప్తాయి నెక్ క్రూ. నిలబడితే తెలుస్తుంది," అన్నాడు తాత. ఊళ్లో టీచరమ్మని నెక్ క్రూ అనీ మాస్టారుని లోక్ క్రూ అనీ పిలుస్తారు.

"కాళ్లు చెప్పిన మాట కాగితం మీద ఎలా రాయమంటారు?"

"అది మీ పని. కాగితాలు మీవి, కాళ్లు నావి," అని ఆయన మెడలోని క్రమా తువ్వాలు తీసి మొహం తుడుచుకుని పడవెక్కి వెళ్లిపోయాడు. కోపంగా అనలేదు. కానీ వన్నారికి ఆ మాట రోజంతా చెవిలోనే ఉంది.

మర్నాడు ఆమె పుస్తకం తెరవలేదు. జిల్లా ఆఫీసు కాగితాన్ని పిల్లల ముందు పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. గది నిలబడాలంటే ఎన్ని డ్రమ్ములు కావాలో రాయాలి, తనకి తెలీదు, హెడ్మాస్టరుకీ తెలీదు, తెలిసిన ఒక్క మనిషీ సంఖ్య చెప్పలేడు. తనకి తెలీదు అనే మాట తరగతిలో పైకి అనడం ఆమెకి అదే మొదటిసారి. పిల్లలు మాత్రం ఆశ్చర్యపోలేదు. తలా ఒకటి చెప్పడం మొదలెట్టారు. ఒకడు యాభై అన్నాడు, ఇంకొకడు వాళ్ల ఇంటికింద పద్దెనిమిది ఉన్నాయి కాబట్టి బడికీ పద్దెనిమిది చాలన్నాడు. మీ ఇల్లు కోళ్లగూడంత ఉంటుందిరా అని పిసేత్ వాడి నోరు మూయించాడు.

అప్పుడు మాలిస్ కిటికీలోంచి చూపు తిప్పకుండానే అంది. "ఒక డ్రమ్ము మనలో ఎంతమందిని మోస్తుందో ఎక్కి చూస్తే తెలిసిపోతుంది కదా నెక్ క్రూ. తర్వాత బడి ఎంతమంది పిల్లల బరువుందో చూసుకుంటే సరి."

బడి ఎంతమంది పిల్లల బరువుంది? వన్నారి ఆ ప్రశ్నని బోర్డు మీద రాసింది. దీని జవాబు ఏ పుస్తకం వెనకా లేదు.

కిలోల్లో తూచవచ్చు కదా అని హెడ్మాస్టరు తర్వాత అడిగాడు. ఊళ్లో కాటా ఉన్నది చేపలు కొనే దళారి దగ్గరొక్కచోటే. ఆ కాటా మాట ఊళ్లో ఎవరూ నమ్మరు. పైగా దాని కొక్కేనికి దూలం వేలాడదీస్తానంటే దళారి ఒప్పుకోడు. పిల్లలైతే ఎంతమంది కావాలంటే అంతమంది ఉన్నారు.

ఒక్క డ్రమ్ము ఎక్కగానే దొర్లిపోతుందని వాళ్లకి తెలుసు. అందుకని రెండు డ్రమ్ములు పక్కపక్కన పడుకోబెట్టి, పైన నాలుగు వెదుళ్లూ రెండు పలకలూ కట్టారు. డ్రమ్ములు సరూన్ తాతవే, మాలిస్ అడిగి తెచ్చింది. తాత ఇవ్వడమైతే ఇచ్చాడు గానీ వెనకాలే తనూ పడవేసుకుని వచ్చి, కొంచెం దూరంలో పొగాకు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

పిల్లలు ఒక్కొక్కరే ఎక్కారు. ఎక్కుతున్నకొద్దీ డ్రమ్ములు దిగుతున్నాయి. పదిమంది ఎక్కేసరికి దాదాపు మునిగాయి. డ్రమ్ముకి ఐదుగురు అని పిసేత్ అరిచాడు. పడవలోంచి తాత ఆ మాటకి తలూపలేదు. అలా ఒంటినిండా మునిగిన డ్రమ్ము మీద ఎవడైనా ఇల్లు కట్టుకుంటాడా అని అడిగాడు. చిన్న అల వచ్చినా గుమ్మంలోకి నీళ్లొస్తాయి. ఇంట్లో పెళ్లయి నలుగురు చుట్టాలొస్తే అంతే సంగతులు. మరెంత మునగాలని వన్నారి అడిగితే ఆయన డ్రమ్ము మీద వేళ్లతో చూపించాడు: ఇంత నీళ్లలో, ఇంత నీళ్లలో, ఇంత పైన.

ఇంత, ఇంత, ఇంత. మూడు సమానమైన భాగాలు. వన్నారి పడవ అంచు పట్టుకుని వంగి చూసింది. తర్వాత పిల్లల్లో ఒకరిని పంపి బొగ్గు తెప్పించింది. తాడుతో డ్రమ్ము ఎత్తు కొలిచి, తాడుని మూడు మడతలు పెట్టి, డ్రమ్ము మీద రెండు గీతలు గీయించింది. నీళ్లు రెండో గీత దగ్గర ఆగాలి. మూడింట రెండు వంతులు లోపల, ఒక వంతు బయట. ఇరవై ఏళ్లుగా పుస్తకాల్లో రాస్తూ, చెరుపుతూ వచ్చిన మాట మొదటిసారి ఆమె కళ్లకి కనిపించింది. దానికి నీళ్ల వాసన ఉంది.

ఎనిమిదిమంది ఎక్కేసరికి నీళ్లు సరిగ్గా రెండో గీతని తాకాయి. తొమ్మిదోవాడు కాలుపెడితే గీత మునిగింది. రెండు డ్రమ్ములకి ఎనిమిదిమంది, డ్రమ్ముకి నలుగురు. అయితే పిసేత్‌ని ఒక్కడిగా లెక్కపెట్టడానికి వీల్లేదని మిగతావాళ్లు గొడవపెట్టారు. వాణ్ణి దింపి, ఇంచుమించు ఒక్క తూకంలో ఉన్నవాళ్లని ఏరి మళ్లీ ఎక్కించారు. అదే జవాబు వచ్చింది. పిసేత్ ఒక్కడే ఒకటిన్నర అని తేలింది, వాడు ఆ మాట ఇంటికెళ్లి అమ్మకి కూడా చెప్పుకున్నాడు.

టీచరుగారెంత అన్న ప్రశ్న వచ్చింది. నీళ్లంటే తనకున్న భయం బయటపడకూడదని వన్నారి చాలా జాగ్రత్తపడేది. ఆ రోజు వేరే దారి లేకపోయింది. చీలమండల దాకా తడుస్తూ, రెండువైపులా పిల్లల భుజాలు గట్టిగా పట్టుకుని తెప్ప మీద నిలబడింది. ఆమె ఇద్దరు పిల్లలు అని తేలింది. మాలిస్ ఆమె చెయ్యి వదలకుండా, అడుగు ఎక్కడ వెయ్యాలో చిన్నగా చెప్తూ పడవలోకి దింపింది.

ఆ తర్వాత పదిరోజులు ఐదో తరగతిలో వేరే పాఠం జరగలేదు. అదే తెప్ప మీద ఈసారి పిల్లలకి బదులు చెక్క ఎక్కించారు. సరూన్ తాత అటక మీద ఓ పాత ఇల్లు విప్పిన పలకలున్నాయి. నేలపలకలు పదహారు పెడితే నీళ్లు రెండో గీతకొచ్చాయి, అంటే రెండు పలకలు ఒక పిల్ల. గోడచెక్కలు మూడు ఒక పిల్ల. దూలాలు రెండు కలిపితే ముగ్గురు పిల్లలు. రేకులు నాలుగు కలిస్తే ఒక పిల్ల. ఒక బెంచీ ఒక పిల్ల. పిల్లలు బడిలో పాకి, పైకెక్కి, ప్రతి పలకనీ ప్రతి రేకునీ లెక్కపెట్టారు. గోడచెక్కల దగ్గర రెండు జట్లకి రెండు సంఖ్యలు వచ్చి, ఒకరినొకరు దొంగలని తిట్టుకుని, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టి తొంభై దగ్గర రాజీకొచ్చారు. వన్నారి ఇంటికెళ్లి ప్రతి లెక్కా తనూ వేసుకుని చూసుకునేది. జవాబుల పేజీ లేనందుకు మొదట్లో నిద్రపట్టలేదు. నాలుగోరోజు నుంచి దాని మాటే మర్చిపోయింది.

అరవై నేలపలకలు ముప్పైమంది పిల్లలు. గోడలు ముప్పైమంది. ఇరవైనాలుగు దూలాలు ముప్పై ఆరుగురు. పైకప్పు పదిమంది, బెంచీలు పదహారుమంది, బీరువా బోర్డూ కలిపి నలుగురు. ఇక లోపల కూర్చునేవాళ్లు, టీచరుని ఇద్దరుగా వేసి, పిసేత్ ఎక్కువ తూకం బక్కపిల్లల్లో సర్దుకుపోగా, ముప్పై ముగ్గురు. అంతా కూడితే నూట యాభై తొమ్మిది. నాలుగు చొప్పున పంచితే ముప్పైతొమ్మిది డ్రమ్ములు పోగా ముగ్గురు మిగిలారు. శేషం మూడు అని రాసి గీత గీసెయ్యడం పిల్లలకి అలవాటే. ఈసారి ఒకమ్మాయి లేచి, ఆ ముగ్గుర్నీ నీళ్లలో వదిలేస్తామా అని అడిగింది. వాళ్లకోసం ఇంకో డ్రమ్ము వేశారు. మొత్తం నలభై.

హెడ్మాస్టరు ఆ లెక్కని రెండుసార్లు చదివాడు. చదువుతూ నవ్వాడు, నవ్వు ఆపుకుని కాగితం నింపి సంతకం పెట్టాడు. మర్నాడు పొద్దున్నే ఒడ్డుకి పోయే సరుకుల పడవలో పంపాలనుకున్నాడు.

పొద్దున్న ఆ పడవ బడి ముందు ఆగి ఉండగానే మాలిస్ వచ్చింది. ఒళ్లంతా తడిసి ఉంది. తెల్లారకముందే అమ్మతో వల తీయడానికి వెళ్లి అటునుంచి అటే వచ్చిందట. వన్నారి దగ్గరికొచ్చి, లెక్క తప్పు అంది. మనం తూచింది అటక మీద ఎండిన చెక్క. బడి నేల ఏడేళ్లుగా నీళ్లు తాగుతోంది. పొడి వల తను ఒక్కతే ఎత్తుతుంది, తడి వలకి అమ్మ చెయ్యి కూడా కావాలి. వల లాగుతుంటే తనకీ సంగతి తట్టిందట.

పడవవాడు మోటారు మీద చెయ్యి వేసుకుని చూస్తున్నాడు. బునారిత్ కాగితం పట్టుకుని బడి గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, కానీ సంతకం పెట్టిన కాగితాన్ని కొట్టివెయ్యడమంటే ఆయనకి ప్రాణం మీదికి వచ్చినట్టుంటుంది. అందాజాగా సరిపోతుందిలే, మహా అయితే ఒకటో రెండో తేడా వస్తుందన్నాడు. ఆరోజు పోతే మళ్లీ పడవ వారం దాకా లేదన్నాడు. మూడేళ్లలో వన్నారి ఆయన మాటకి ఎదురు చెప్పలేదు. అందులో లెక్కల విషయంలో ఎవరికీ ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

"ఈ కాగితం ఇలా పంపడానికి లేదు లోక్ క్రూ," అంది. "వారం ఆగుదాం. తప్పని తెలిసి పంపితే నేను పిల్లల మొహం చూడలేను."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని పడవవాణ్ణి వెళ్లిపొమ్మని చెయ్యి ఊపాడు.

ఊడదీసిన మూలనుంచి నీళ్లోడుతున్న పలకలు తెచ్చి తెప్ప మీద పేర్చారు. పన్నెండు పెట్టేసరికే నీళ్లు రెండో గీతకొచ్చేశాయి. ఎండువి పదహారు పట్టిన చోటు అది. అంటే మూడు తడిపలకలు ఇద్దరు పిల్లలు. నేల ముప్పైమంది కాదు, నలభైమంది. కిందివైపు దూలాలు పన్నెండు కూడా నానినవే, ఒక్కొక్కటీ ఇద్దరు పిల్లలు తూగింది. అక్కడ ఇంకో ఆరుగురు పెరిగారు. కొత్త మొత్తం నూట డెబ్భై అయిదు, డ్రమ్ములు నలభై నాలుగు.

"నాలుగు డ్రమ్ములు. దీనికోసమా వారం పోగొట్టుకున్నది?" అన్నాడు బునారిత్, కాగితం తిరగరాస్తూ.

"నాలుగు డ్రమ్ములంటే పదహారు మందిమి లోక్ క్రూ," అంది మాలిస్.

ఆయన కలం ఆగింది. తలెత్తి తరగతి వైపు చూశాడు. ముప్పై ఒక్కమందిలో పదహారు మంది అంటే ఎవరెవరో లెక్కపెడుతున్నట్టు ఒక్కొక్క మొహాన్నీ చూశాడు. తర్వాత నలభై నాలుగు అని రాసి, పిల్లలు వేసిన లెక్క కాగితాన్ని కూడా దానికి జతచేసి కుట్టాడు.

నెలా పదిరోజులకి డ్రమ్ములు వచ్చాయి. నీలం రంగువి, వరసగా తాడుకి కట్టి పడవ వెనకాల తేల్చుకుంటూ తెచ్చారు. పిల్లలు బడి గుమ్మాల్లో నిలబడి లెక్కపెట్టారు. నలభై నాలుగు. జతకుట్టిన కాగితం ఆఫీసులో చేతులు మారి మారి నలిగి తిరిగొచ్చింది. దాని మీద ఎవరో ఎర్ర సిరాతో, మా ఆఫీసు ఎంతమంది పిల్లల బరువుంటుందో కూడా చెప్పగలరా అని రాశారు.

కట్టే పని సరూన్ తాత చేతుల్లోకి వెళ్లింది. డ్రమ్ములో నీళ్లు నింపి ముంచి, గది కిందికి తోసి, వెదుళ్లకి బిగించి, గొట్టంతో గాలి కొట్టి నీళ్లు వెళ్లగొట్టాలి. ఊళ్లో మగవాళ్లు పదిమంది రెండురోజులు నీళ్లలోనే ఉన్నారు. ఒడ్డున పొయ్యి పెట్టడానికి ఒడ్డే లేదు కనక ఆడవాళ్లు పడవల్లోనే చేపలగంజి కాచి అందించారు. ఎక్కడ ఎన్ని పెట్టాలో తాత అడిగితే వన్నారి పిల్లల వంక చూసేది. బీరువా ఉన్న మూల రెండెక్కువ, గుమ్మం వైపు ఒకటి తక్కువ. తాత ఒకటి రెండుచోట్ల కాలితో తొక్కిచూసి ఒప్పుకోలేదు. ఒకచోట పిల్లల మాట నెగ్గింది, ఇంకోచోట ఆయన కాలు నెగ్గింది.

రెండోరోజు మధ్యాహ్నానికి ఉత్తరపు మూల మెల్లగా, కళ్లకి కనబడీ కనబడనట్టు పైకి లేచింది. చెక్కలు కిర్రుమన్నాయి. ఊడదీసిన నేల మళ్లీ కొట్టారు. ముందుగానే మూల డ్రమ్ముల మీద పిల్లలు తెల్లరంగుతో గీతలు గీసి ఉంచారు. ముప్పై ఒక్కమందీ వరసగా లోపలికి వెళ్లి తమ తమ చోట్ల కూర్చున్నారు, చివరన వన్నారి వెళ్లింది. తాత బయట నీళ్లలోకి దిగి నాలుగు మూలలూ చూసి వచ్చాడు. మూడు మూలల్లో గీతకి సరిగ్గా ఉంది. నాలుగోచోట వేలెడు మునిగిందని చెప్పాడు. పిల్లలు లేచి బీరువాని రెండడుగులు జరిపారు. అదీ సర్దుకుంది.

తాత గుమ్మం మీద కూర్చుని కాళ్లు తుడుచుకుంటుంటే వన్నారి పక్కన వచ్చి నిలబడింది.

"నలభై ఏళ్లనుంచి కడుతున్నాను," అన్నాడు తాత. "ఎలా కడుతున్నావని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పలేను. నా మనవరాలు చెప్పగలుగుతోంది."

ఆ మాటతో పడవలోకి దిగిపోయాడు. మర్నాటినుంచి మాత్రం కొత్త ఇల్లు కట్టే పని ఎక్కడ ఉన్నా మాలిస్‌ని వెంటబెట్టుకుని వెళ్లేవాడు, బడి వేళ కాకపోతేనే.

నీళ్లు తగ్గాయి. ఊరు లోతుకి కదిలింది. ఐదో తరగతి గదిని రెండు మోటారు పడవలు లాక్కుపోతుంటే పిల్లలు కిటికీల్లోంచి చేతులూపారు. ఏడాది చివర పరీక్షలో ముప్పై ఒక్కమందిలో ఇరవై ఇద్దరు పాసయ్యారు. తప్పినవాళ్లలో పిసేత్ ఒకడు. మధ్యలో రెండునెలలు వాళ్ల నాన్నతో చేపల వేటకి పోయాడు. వచ్చే ఏడు మళ్లీ కూర్చుంటానని తనే వచ్చి చెప్పాడు. మాలిస్‌కి యాభైకి ఇరవై ఎనిమిది వచ్చాయి. కాగితం నిండా అంచుల్లో చిన్నచిన్న పీపాల బొమ్మలు, వాటి మీద గీతలు ఉన్నాయి. దిద్దినవాళ్లు వాటికి ఒక మార్కు కోశారు. వన్నారి ఆ మార్కు కోసం వెళ్లి పోట్లాడింది గానీ ఇవ్వలేదు.

సెలవులు ఇవ్వడానికి రెండురోజుల ముందు, నాలుగిళ్ల అవతల పందులు పెంచే నిమోల్ పడవేసుకుని బడి గుమ్మం దగ్గరికి వచ్చింది. తన పందుల దొడ్డి ఒకవైపు కుంగుతోందని, ఎన్ని డ్రమ్ములు వెయ్యాలో కొంచెం చెప్పమని అడిగింది. వన్నారితో కాదు, పిల్లలతో. పిల్లలు బిలబిలమంటూ చుట్టూ చేరారు. దొడ్డి పొడవెంత, వెడల్పెంత, చెక్క తడిదా పొడిదా, పందులెన్ని? నాలుగు, అందులో ఒకటి ఈనబోతోందని నిమోల్ చెప్పింది.

"అయితే దాన్ని ఇప్పుడు తూచకూడదు," అన్నాడు పిసేత్. "పిల్లలు పుట్టాక తూచాలి."

"పుడితే బరువు పెరగదురా, విడిపోతుంది అంతే," అంది ఇంకో పిల్ల.

"పెరుగుతాయి కదా తర్వాత. రెండు నెలల్లో ఒక్కొక్కటీ అరపిల్లాడంత అవుతుంది."

మాలిస్ అప్పటికే తాడు చేత్తో పట్టుకుని ఇంకొందరు పిల్లలతో పడవలోకి దిగింది. పంది తెప్ప మీద కదలకుండా నిలబడదే, ఎలా అని వెనకనుంచి ఎవరో అడిగారు. దానికి అన్నం పెడితే నిలబడుతుంది, ఆ అన్నం ఎంతో కూడా కలుపుకోవాలి అంది మాలిస్.

వన్నారి బోర్డు తుడవబోతున్నదల్లా ఆగింది. గుడ్డ బల్ల మీద పెట్టి, చెప్పులు విడిచి, గుమ్మం పట్టుకుని మాలిస్ పడవలోకి అడుగేసింది. పడవ కొంచెం ఊగింది. వెనకవైపు ఇద్దరు పిల్లల్ని ముందుకి జరగమని మాలిస్ చెప్పింది, పడవ నిలబడింది.